మామ కారు మీద మల్లన్న బండారి

మీ ఇంట్లో నల్లరంగు కారుండి, దానికి తోడు ఒక అల్లుడు కూడా ఉంటే, ముందు కారు తాళంచెవి బొడ్లో దోపుకుని ఆ తర్వాత ఇది చదవండి. సాయం చేద్దామని కంకణం కట్టుకున్న అల్లుడి వల్ల ఒక కారుకు ఎంత చేటు జరగగలదో నేను స్వయంగా చేసి చూశాను. ఇప్పటికీ నాకు అంతుపట్టని సంగతి ఒకటే. ఆ రెండు రోజుల్లో నేను చేసిన ప్రతి పనీ, చేస్తున్నప్పుడు మహా తెలివైన పనిలాగే కనిపించింది.

మా మామకు సిద్దిపేటలో ఎరువుల దుకాణం. ఇంటి ముందు నిగనిగలాడే నల్ల కారు. "నల్ల బండి అరిష్టం, తెల్లది తీస్కో" అని అత్తమ్మ మొత్తుకున్నా వినకుండా కొన్నాడు. పొద్దున చాయ్ కూడా తాగకముందే దుబ్బాక తువ్వాల ఒకటి భుజాన వేసుకుని, ఆ కారును గుండ్రంగా, నెమ్మదిగా, పసిపిల్లకు నూనె రాసినట్టు తుడిచేవాడు. తాళంచెవి మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నాకు పెళ్ళై రెండేళ్ళు దాటినా ఆ కారులో నా స్థానం వెనక సీటే, అదీ పండ్ల బుట్ట పక్కన.

నా కోరిక పెద్దదేం కాదు. దసరాకు మా వాళ్ళంతా మామ సొంతూరు కొండపాక పోతారు. బంధువులందరూ చూస్తుండగా ఒక్కసారి ఆ కారు నేను నడపాలి, మామ పక్క సీట్లో కూర్చోవాలి. "బాపు నీకు బిడ్డనిచ్చిండు గని కారియ్యడు" అని నా భార్య స్వప్న దెప్పేది. ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది.

నాదీ ఆ ఊళ్ళోనే మొబైల్ ఫోన్ల దుకాణం. పొద్దస్తమానం స్క్రీన్ల మీద గీతలు చూసే కళ్ళు నావి. దసరాకు ముందురోజు పొద్దున అత్తారింటి వాకిట్లో ఆ కళ్ళు ఊరుకోక, ఎండలో మెరుస్తున్న బానెట్ మీద పడ్డాయి.

"మామా, బానెట్ మీద గీతలు చూసిన్రా?"

మామ చేతిలోని చాయ్ ఒలికింది. "ఏడ? ఎవడు గీసిండు?"

"ఎవడు గియ్యలే. గీడ నిలవడి సూర్యుని మెరుపు చూడున్రి. దాని సుట్టు సన్నగ, గుండ్రంగ, సాలెగూడు లెక్క ఉన్నయి."

మామ వంగి చూశాడు. ముఖం మాడిపోయింది. రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ చూశాడు. "అరే! నేను జరిగితే గివి గూడ జరుగుతున్నయేంది?"

ఇటు జరిగాడు, గీతలూ ఇటు వచ్చాయి. అటు జరిగాడు, అటు వచ్చాయి. "నా ఎంబడి తిరుగుతున్నయిర అల్లుడా!"

అత్తమ్మ గుమ్మంలోంచే దండం పెట్టింది. "దిష్టి! గది దిష్టే. నల్ల బండి వద్దంటి."

"దిష్టి గాదు అత్తమ్మా, వీటిని స్వర్ల్ మార్కులంటరు" అని నేను వీడియోల్లో విన్న శాస్త్రమంతా విప్పాను. గీతలు కారు నిండా ఉంటాయనీ, వెలుగు పడ్డ చోటివే కంటికి కనిపిస్తాయనీ, అందుకే మనతో తిరుగుతున్నట్టు ఉంటాయనీ చెప్పాను. చెప్తుంటే నాకే తికమకైంది. అక్కడితో ఆగిపోయినా బతికిపోయేవాణ్ణి. "పొడి గుడ్డతోని రోజు తుడిస్తే దుమ్ము గీసుకొని గిట్లయితది" అని కూడా అన్నాను.

మామ భుజం మీది తువ్వాలను చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. "అంటే నా కారును నేనే ఖరాబ్ జేసిన్నంటవ్?"

ఆ గొంతులో కోపం లేదు, దుఃఖం ఉంది. నాకు కంగారు పుట్టి నాలుక జారింది. "బాధపడకున్రి మామా. పాలిష్ మిషన్ తోని పోతయి. మీరు దుకాణంకెల్లి వచ్చేసరికి కొత్త బండి జేసి పెడ్త."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నాకు పొద్దే కాదు, మిషన్ కూడా తెలియదు. వీడియోలో ఉన్నది రంగు కోసమే చేసిన మెత్తని మిషన్. నా దోస్తు యాదగిరి దగ్గర ఉన్నది గ్రానైట్ బండలు నున్న చేసే మిషన్. పట్టుకుంటే రెండు చేతులూ, నోట్లో పళ్ళూ కలిసి వణుకుతాయి.

"గిది కారుకు పనికొస్తదారా?" అని అడిగాను.

"రాయినే అద్దం జేస్తది. రేకెంత?" అన్నాడు యాదగిరి. దానికి ఒక ఉన్ని బిళ్ళ తగిలించి నా చేతిలో పెట్టాడు. ఆ క్షణంలో అది తిరుగులేని వాదనగా తోచింది. మీకూ తోచేదే, కాస్త ఎండలో నిలబడి వింటే.

పాలిష్ మందు బానెట్ మీద పోసి మీట నొక్కాను. మందు బానెట్ మీద తప్ప అన్ని చోట్లా పడింది. గోడ మీద, నా కనుబొమ్మల మీద, తీగ మీద ఆరేసిన అత్తమ్మ పండుగ చీర మీద. "పెరుగన్నం చల్లుతున్నవా అల్లుడా?" అని లోపల్నుంచి కేక వచ్చింది. అయితే కాసేపటికి చెయ్యి కుదిరింది. ఒక పక్క రుద్ది గుడ్డతో తుడిచి చూస్తే, నిజం చెప్తున్నాను, గీత లేదు. బానెట్లో నా ముఖం కనిపించింది. ఆ ముఖంలో అప్పటికే కొండపాక దారిలో కారు నడుపుతున్న కళ ఉంది.

ఆ కళతోనే బానెట్ నడుమ ఉబ్బెత్తుగా ఉండే అంచు మీదికి మిషన్ పోనిచ్చాను. అక్కడ బొట్టు బిళ్ళంత బూడిదరంగు మచ్చ కనిపించింది. పాలిష్ మందు ఎండిపోయిందనుకుని దాని మీద రుద్దాను. మచ్చ రూపాయి బిళ్ళంతైంది. మందు మొండిగా ఉందనుకుని గట్టిగా రుద్దాను. పూరీ అంతైంది. తుడిస్తే పోవాల్సిన మచ్చ తుడిచినకొద్దీ ఎందుకు పెరుగుతోందో నాకు అర్థం కాలేదు. యాదగిరికి ఫోన్ చేశాను.

"మచ్చ పోతలేదురా."

"ఇంకింత ఒత్తు. బండ మీద మరకైనా గంతే, ఒత్తుతెనే పోతది."

ఒత్తాను. చపాతీ అంతైంది.

స్వప్న వచ్చి, "నీళ్ళు గొట్టి చూడు" అంది. బకెట్ నీళ్ళు కుమ్మరించాను. మచ్చ మాయం! ఇద్దరం ముఖాలు చూసుకుని నవ్వుకున్నాం. ఎండకు బానెట్ ఆరింది, మచ్చ తిరిగొచ్చింది. మళ్ళీ నీళ్ళు పోశాను, పోయింది. ఆరింది, వచ్చింది. నాకు పిచ్చెక్కుతోందో కారుకు పిచ్చెక్కుతోందో తెలియక నేనే దండం పెట్టబోయాను. చివరికి యాదగిరి వచ్చి వేలితో తడిమి చూశాడు.

"అరేయ్, గిది మచ్చ గాదురా."

"మరేంది?"

"మెరుపు పూత లేని జాగ. మీది మెరుపంత లేచిపోయి లోపలి బోడ రంగు బయటవడ్డది, తడిస్తే నల్లగ కనవడ్తది, ఆరితే బూడిదైతది. నువ్వు ఇంతసేపు మచ్చను తుడుస్తలేవు, కారునే తుడుస్తున్నవు." అని తన మిషన్ తను తీసుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తాళంచెవి సంగతి దేవుడెరుగు, ఇక ఆ ఇంట్లో వెనక సీటైనా మిగులుతుందా?

"బాపుకు ఉన్నదున్నట్టు చెప్పు" అంది స్వప్న.

"పండుగ ముంగట ఎట్ల చెప్పాలె?"

పండుగ అనగానే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. దసరా అంటే బండ్లకు పూజ. పూజంటే పసుపు! మిగిలిన కారంతా మిషన్ లేకుండా చేత్తోనే రుద్ది మెరిపించి, బానెట్‌కు ఆ ఉబ్బు జోలికి పోకుండా మెరుగు పెట్టి, కవరు కప్పేశాను. "పాలిష్ ఆరాలె, రేపటి దాంక తియ్యొద్దు" అని మామకు చెప్పాను. మరునాడు అందరికంటే ముందు లేచాను. వంటింట్లో పసుపు చాలదని, దేవుడి గూట్లో ఉన్న కొమురవెల్లి మల్లన్న బండారి పొట్లం కూడా తీశాను. అది దేవుడి గుడి నుంచి తెచ్చుకునే పసుపే కదా అనుకున్నాను. అంతా నీళ్ళతో కలిపి ఆ జాగ మీద మందంగా మెత్తి, పైన పొడి బండారి చల్లి, నడుమ కుంకుమ బొట్టు పెట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. నేను అడుసు తొక్కి, కాలు కడగకుండా పసుపు రాసుకున్నాను.

మామ వచ్చి కవరు తీశాడు. కారు చుట్టూ తిరిగాడు. ఎండలో వంగి చూస్తూ ఇటు జరిగాడు, అటు జరిగాడు. "వస్తలేవు! నా ఎంబడి వస్తలేవు!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. తర్వాత బానెట్ నడుమ చూశాడు. "గింత బండారి ఎందుకురా?"

"నల్ల బండని అత్తమ్మకు మనసున ఉన్నది గదా మామా. దిష్టికి."

అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "కన్నకొడుకున్నా గిట్ల ఆలోచన చెయ్యకపోవు." మామ అలవాటు కొద్దీ తువ్వాల తియ్యబోతే, "దేవుని బండారి, తుడువకు" అని ఆపింది. మామ నా భుజం తట్టి, "పోయేటప్పుడు నేను నడుపుత. వచ్చేటప్పుడు నువ్వే నడుపాలె అల్లుడా" అన్నాడు.

రెండేళ్ళ కల! వెనక సీట్లో పండ్ల బుట్టను ఒళ్ళో పెట్టుకుని ముద్దాడినంత పని చేశాను.

కొండపాకలో దిగగానే బంధువులంతా కారు చుట్టూ మూగారు. అందరి ముందూ అత్తమ్మ గర్వంగా ప్రకటించింది. "మా అల్లుడు మల్లన్న బండారి పెట్టిండు!"

ఇక్కడే నా తెలివి బోర్లా పడింది. మల్లన్న బండారి అన్నాక దాన్ని దూరం నుంచి చూసి ఊరుకునేవాళ్ళు మా దిక్కు ఎవరున్నారు? మామ అక్క, ఊళ్ళో అందరికీ పెద్దమ్మ, రెండు వేళ్ళతో ఇంత తీసి నుదుట పెట్టుకుంది. ఆమె వెనక ఆమె కోడలు. కోడలి వెనక పక్కింటివాళ్ళు. చూస్తుండగానే వరస కట్టింది.

"పెద్దమ్మా, ఇంట్ల వేరే బండారి ఉన్నది, తెచ్చిస్త" అని అడ్డం పడ్డాను.

"గింత పెట్టి పిసినితనమేంది కొడుకా? జరుగు!"

అందరి నుదుళ్ళూ పచ్చబడుతున్నాయి, నా ముఖం తెల్లబడుతోంది. చివరకు పెద్దమ్మ తమ్ముణ్ణి పిలిచింది. "తమ్మీ, గీ కింద బూడిది లెక్క ఏందిరా? సున్నమా?"

మామ వచ్చాడు. తువ్వాల కొసతో మిగిలిన పసుపు తుడిచాడు. చపాతీ అంత జాగ ఎండలో తేటగా బయటపడింది. మళ్ళీ తుడిచాడు, ఎక్కడికీ పోలేదు. నావైపు తిరిగాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని నోరు తెరిచాను.

"గీతలైతే పోయినయి మామా."

పండుగ పూట అల్లుణ్ణి తిట్టకూడదు. నేను జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కితే మామ నా నెత్తిన చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి దీవించిందో, పుర్రె గట్టిదనం చూసిందో నాకు తెలియలేదు. నిజంగా సిగ్గేసింది. ఆయన కారును ఎంత ప్రేమించాడో నాకంటే ఎవరికి బాగా తెలుసు?

సాయంత్రం తిరుగు ప్రయాణం. నేను వెనక తలుపు తెరిచి పండ్ల బుట్ట పక్కన ఒదగబోయాను. మామ నా రెక్క పట్టి ఆపి, అరచేతిలో తాళంచెవి పెట్టాడు.

నాకేమీ అర్థం కాలేదు. బంధువులంతా చూస్తున్నారు. "మామా... నేను నడుపాల్నా?"

"నువ్వే."

"మాఫ్ జేసిన్రా మామా?"

"మాఫా?" మామ వెనక సీట్లో కూర్చుని తువ్వాల కళ్ళ మీద కప్పుకున్నాడు. "స్టీరింగు కాడ కూసుంటే సిద్దిపేట దాంక గా జాగ కండ్ల ముంగట్నే ఉంటది. నాతోని కాదు. చేసినోనివి నువ్వే, చూసుకుంట నడుపు."

నడిపాను. దారి పొడవునా అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. మళ్ళీ రంగు వేయించేదాకా మామను దుకాణానికి దింపడం, తేవడం కూడా నా పనే అయింది.

అందుకే జమ్మి ఆకు సాక్షిగా, మల్లన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తిరిగే మిషన్ ఏదీ ఈ జన్మలో ముట్టను. ఎవరి కారు మీదా, ఎంత ఎండలోనూ గీతలు చూడను. ఎవరైనా అడిగితే కళ్ళు మూసుకుని "అద్దం లెక్కున్నది" అంటాను. మిక్సీ కూడా ఈ ప్రమాణం కిందికే వస్తుందని మా స్వప్నతో అన్నాను. అది రాదట.