పన్నెండో నొక్కు

పన్నెండో నొక్కుకు ఎడమకు తిరగాల్సిన విమానం కుడికి తిరిగింది.

కల్లూరు దాటాక ఉన్న గరుసు బీడులో ముగ్గురం నిలబడి చూస్తున్నాం. పొద్దు మూరెడు పైకి వచ్చింది. కుడికి తిరగడమంటే సరిగ్గా ఆ పొద్దులోకి పోవడం. మీట పట్టుకున్న మా మిత్రుడు ఇంకోసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆ నొక్కులకు అది తిరగనేలేదు. బారెడు రెక్కల విమానం కాకంత అయింది, పిచ్చుకంత అయింది. కాసేపటికి ఇంజను రొద బయట వినిపిస్తోందో, చెవిలోనే మిగిలిపోయిందో తెలియలేదు.

“దానికి ఇనపడ్ల్యా,” అన్నాడాయన. కొంచెం ఆగి, “లేకుంటే నేనే లెక్క తప్పినానా?” అన్నాడు.

నేను ఆ పొద్దు వైపే చూస్తున్నాను.

రాజధాని కర్నూల్లో ఉన్న మూడేళ్లలో జరిగిన సంగతి ఇది. ఆఫీసులు సగం డేరాల్లో నడిచేవి. ఆ డేరాల చుట్టూ తిరిగి వార్తలు పంపడం నా ఉద్యోగం. నా గది పాతబస్తీలో, దాని కింద ఒక రేడియో అంగడి. ఆ అంగడాయనే ఈ మిత్రుడు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. వేంపల్లె దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే ఇంటివాడు. యుద్ధంలో సైన్యంలో చేరి వైర్‌లెస్ పని నేర్చుకుని, తిరిగొచ్చాక నాగలి పట్టనని కర్నూలు చేరాడు. నేను అన్నా అనేవాణ్ని. ఆయన నన్ను పేపరప్పా అనేవాడు.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే. రబ్బరు మెలికతో ఎగిరే చిన్న విమానాలు ఆయన చాలానే చేశాడు. అవన్నీ గాలి ఎటుంటే అటు పోయాయి. పోయినదాన్ని పిలిస్తే వెనక్కి రావాలి, వచ్చి కాళ్ల దగ్గర దిగాలి. అంతే. దానికోసం ఎవరో మిలిటరీ ఆఫీసరు అమ్ముకుపోయిన గుప్పెడంత ఇంజను కొన్నాడు. బొంబాయి నుంచి, మీట పిలుపును విమానంలో అందుకునే చిటికెన వేలంత గాజు వాల్వు తెప్పించాడు. అలాంటిది రెండోది దొరకదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

విమానం ఒళ్లు కట్టింది పాతబస్తీలో పతంగులు చేసే ముసలాయన. ఆయన్ని ఇద్దరం చాచా అనేవాళ్లం. వెదురు బద్దను గోటి మీద నిలిపి, ఎటు ఒరిగితే అటు కత్తితో ఒక్క గీటు గీసేవాడు. పెళ్లి బాసికాలకు వాడే బెండుతో రెక్క అంచులు, తుమ్మబంకతో అతుకులు, పైన ఎర్ర పతంగి కాయితం. కాయితం మీద నోటితో నీళ్లు చిమ్మి నీడన ఆరబెడితే తప్పెట చర్మంలా బిగిసేది.

పని బాగా చేసేవాడు గానీ, విమానం మీద నమ్మకం మాత్రం ఆయనకు ఏనాడూ లేదు.

“దారం లేని పతంగి అంటే తాడు లేని ఎద్దు గదప్పా. పతంగికైతే నా యేలికి గుంజు తెలుస్తాది. అది పైన ఏమనుకుంటాండాదో దారం చెప్తాది. నీ బుడ్డి మీట ఏం చెప్తాది?”

“ఏం చెప్పదు చాచా. మనం చెప్తే అది ఇంటాది.”

“ఇన్నట్టు యాడ తెలుస్తాది?”

“తిరిగితే ఇన్నట్టు.”

“తిరక్కపోతే?”

“అన్నీ మూసుకోని దాని ఎనక ఉరుకుడే!”

ముగ్గురం నవ్వేవాళ్లం. ఆ ప్రశ్నే తర్వాత మమ్మల్ని వదల్లేదు.

ఆ రోజుల్లో గాల్లోని విమానానికి ఇటు తిరుగు, అటు తిరుగు అని వేర్వేరుగా చెప్పే వీలు లేదు. ఉన్నది ఒకటే మీట. కిరసనాయిలు డబ్బా అంత పెట్టె నేల మీద, దానికి మనిషెత్తు రాగి కమ్మీ, పెట్టెలోంచి బారెడు తీగ, తీగ చివర ఇంటి తలుపు గంటకు ఉండేలాంటి మీట. మొదటిసారి నొక్కితే తోక కుడికి తిప్పుతుంది. వదిలితే తిన్నగా పోతుంది. రెండోసారి నొక్కితే ఎడమకు. మూడోసారి మళ్లీ కుడికి. బేసి నొక్కు కుడి, సరి నొక్కు ఎడమ. ఎన్నిసార్లు నొక్కామో మరిచిపోతే విమానం మనది కాదు.

తోకను తిప్పే బలం లోపల మెలిపెట్టిన రబ్బరుది. ఎగిరే ముందు దానికి లెక్కపెట్టి మెలికలు పెట్టేవాడు. ఒక్కో నొక్కుకు అర మెలిక ఖర్చు. దిగాక మిగిలిన మెలికలు విప్పుతూ లెక్కపెట్టి, తాను నొక్కిన లెక్కతో సరిచూసుకునేవాడు. ఇదంతా ఒక రూళ్ల పుస్తకంలో రాసేవాడు. గాలి, చమురు, మెలికలు, నొక్కులు, దిగిన చోటు. ఒక్కో ఎగురుడుకు ఒక్కో వరుస. వినిపించినదే రాయాలి, వినిపించినట్టు అనిపించింది రాయకూడదని సైన్యంలో నేర్పారట. ఈ చివరి మాట పత్రికలో నాకూ చెప్పారు. మేమిద్దరం కలవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

మొదట్లో ఎక్కువగా పడిపోయేది. ముక్కు నేలకు గుచ్చుకునేది, తుమ్మ కంప మీద వాలి రెక్క జల్లెడయ్యేది. ఎండకు బ్యాటరీలు నీరసించేవి. ఇంజను అంటుకోవడానికి వేలితో తిప్పి వదిలే ముందరి చెక్క రెక్క ఆయన వేళ్లను కోయని వారం లేదు. బీడు పక్క దారిన పోయే వాళ్లు ఆగి, రాగి కమ్మీని చూసి, “దీంట్లో పాటలు వస్తాయాప్పా?” అని అడిగేవారు. ఒకసారి సైకిలు మీద కానిస్టేబులు వచ్చి అనుమతి కాగితం అడిగాడు. మా మిత్రుడు చూపించాడు. కానిస్టేబులు తిరగేసి చూసి, “ఎగిరించు మరి, సూస్తా,” అని అరగంట కూర్చున్నాడు. ఆ పొద్దు ఇంజను అంటుకోలేదు. “కాయితం బాగుండాది గానీ,” అంటూ లేచిపోయాడు.

అది మొదటిసారి తిరిగివచ్చిన పొద్దు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. చలికాలం, గాలి లేదు. ఆముదం, ఈథరు, కిరసనాయిలు కలిసి కాలే వాసన. విమానం మా నెత్తి మీదుగా పోయి, దూరాన చెరుకు తోట మీద చుక్కయింది. ఆయన నొక్కి పట్టాడు. ఆ చుక్క ఒక పక్కకు ఒరిగింది. రెక్క ఎండకు ఎర్రగా మెరిసింది. తిరుగుతూ, తిరుగుతూ, ముఖం మా వైపు పెట్టింది. చాచా నోట్లో ఆకు నమలడం మానేశాడు. అది మా ముందు ఇరవై అడుగుల్లో గరుసు మీద దిగి, రెండుసార్లు ఎగిరిపడి నిలబడింది. మా మిత్రుడు మీట కింద పెట్టి, పోయి దాని పక్కన కూర్చున్నాడు. అంతే, చాలాసేపు లేవలేదు. నేను ఎన్నో పెద్ద సభలు చూశాను, ఎన్నో చప్పట్లు విన్నాను. అంత నిండుగా ఉన్న మనిషిని మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత నాకూ ఒక కోరిక పుట్టింది. ఒక్కసారి ఆ మీట నొక్కాలి. నేను నొక్కితే అంత దూరాన ఏదో ఒకటి నా మాట విని తిరగాలి. ఏడాది పొడుగునా అడుగుతూనే ఉన్నాను.

“ఇస్తా లేప్పా. ఇంకా గట్టిపడనీ,” అనేవాడు.

“ఏం గట్టిపడాల అన్నా, విమానమా, నేనా?”

“ఇద్దరూ.”

విమానం పోయిన ఆ పొద్దు ముప్పై ఏడో ఎగురుడు. విమానం బాగానే ఉంది. పదకొండు నొక్కులు అయ్యాయి. ఆయన పైకే లెక్కపెట్టేవాడు కాబట్టి నేనూ విన్నాను. ఉన్నట్టుండి గాలికి దుమ్ము లేచి ఆయన కళ్లలో పడింది. కళ్లు నలుపుకోవడానికి మీట నా చేతికిచ్చాడు.

“పట్టుకో. ఒత్తొద్దు.”

నాలుగు క్షణాలో ఐదు క్షణాలో, అంతే. నా బొటనవేలు మీట మీదే ఉంది. చిన్నగా టిక్కుమన్నట్టు అనిపించింది. పైన విమానం ఎడమకు రవ్వంత ఒరిగినట్టు కనిపించింది. గాలి విసిరినా అలాగే ఒరుగుతుంది. ఆయన కళ్లు తుడుచుకుని మీట తీసుకుని, “పన్నెండు,” అంటూ నొక్కాడు. అది కుడికి తిరిగింది. పోయింది.

ఆరు రోజులు సైకిళ్ల మీద వెతికాం. పల్లె పల్లెకూ పోయి అడిగాం. చాచా ఒక్క రోజు మాత్రం వచ్చాడు. “తెగిన పతంగి చిక్కినోళ్లది. అడగబాకండి, సూడండి అంతే,” అన్నాడు. ఆయన వృత్తిలో అది ధర్మం.

రెండు నెలలు గడిచాయి. జొన్న పాలుపట్టే కాలంలో, డేరా ఆఫీసుకు పాలు పోసే ఆయన ఒక చేనులో ఎర్ర పతంగి లాంటిది గెడ మీద తిరుగుతోందని చెప్పాడు. ముగ్గురం పోయాం. మంచె మీద ఒకామె వడిసెల తిప్పుతోంది. మమ్మల్ని చూసి ఆపింది.

“యావూరప్పా మీది?”

మా మిత్రుడు మెల్లగా ఏదో చెప్పబోయాడు.

“గట్టిగా మాట్లాడన్నా! పిట్టలన్నా లేస్తాయి.”

చేను నడుమ పొడుగాటి గెడకు మా విమానం కట్టి ఉంది. ఒక రెక్క సగమే మిగిలింది. గాలికి తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా దాని నీడ కంకుల మీద పరుగెత్తుతోంది.

“మా ఆయప్ప వంకలో దొరికిందని తెచ్చినాడు. కట్టినప్పట్నుంచి గువ్వ వాల్తే ఒట్టు. మీదేనా? తీసుకపోండి మరి,” అంది. అని, “కోత దాంక ఉంటే బాగుండు,” అంది ఇంకో గొంతుతో.

చాచా మా మిత్రుడి వైపు చూశాడు. మా మిత్రుడు గెడ దింపి కడుపు తెరిచాడు. వాల్వు గాజు పగిలి పొడైంది. ఇక ఆ పెట్టె విన్నదీ విననిదీ తేల్చే దారి లేదు. ఆయన ఆ పొడి దులిపేశాడు. తోకదాకా చెయ్యి పెట్టి తడిమాడు.

“ఇందులో మెలి తిరిగిన రబ్బరు ఉండె గదమ్మా?”

“ఓ అదా! పీకితే గిర్రున తిరిగి నా చేతిని కొట్టింది, పాము పిల్ల మాదిరి. సంగటి సట్టికి మూత కట్టుకున్యా. ఇదో, కావాల్నంటే తీసుకో.”

మంచె మీది నుంచి విసిరింది. సాఫుగా, ఒక్క మెలిక కూడా లేని రబ్బరు. మిగిలిన మెలికలు లెక్కపెడితే విమానం ఎన్ని నొక్కులు విన్నదో తెలిసేది. కుడికి తిరిగిందంటే అది బేసి లెక్కే. పదకొండైతే దానికి ఒకటి వినపడలేదు, లేదా ఆయన లెక్కే ఎక్కడో తప్పింది. పదమూడైతే ఇంకెవరో, ఇంకేదో ఒకటి కలిపారు. ఆ రబ్బరు చూసి నాకు గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

విమానాన్ని మళ్లీ గెడకు ఆయనే కట్టాడు, ముందుకంటే గట్టిగా. “కోత దాంకనే గాదు, ఉంచుకోమ్మా,” అన్నాడు.

తిరిగివస్తూ సైకిలు పక్కకు తెచ్చి అడిగాడు. “ఆ పొద్దు నువ్వేమన్నా ఒత్తినావాప్పా?”

“లేదన్నా,” అన్నాను. ఆయన మాట పూర్తి కాకముందే అన్నాను.

మరో విమానం కట్టలేదు. అంగడికి వచ్చిన రేడియోలను కూడా రెండేసి, మూడేసి సార్లు విప్పి చూసేవాడు. బాగైందని నమ్మకం కుదిరేది కాదు. “చెవు పోయింది పేపరప్పా. లెక్క నిలవడంలే,” అనేవాడు. ఏడాది తిరక్కుండా అంగడి మూసి వేంపల్లె బస్సెక్కాడు. రాజధాని హైదరాబాదు పోయింది. నన్ను కడపకు పంపారు.

కడప నుంచి వేంపల్లెకు ఎంతో దూరం లేదు. అయినా పోవడానికి రెండేళ్లు పట్టింది. ఆయన శనగ చేనులో ఉన్నాడు. నల్లబడ్డాడు. గట్టు మీద కూర్చున్నాం. ఆకాశంలో ఒక గద్ద రెక్క కదపకుండా తిరుగుతోంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. అది తిరిగినప్పుడల్లా ఆయన బొటనవేలు చూపుడువేలి మీద కదలడం గమనించి, నేను చెప్పేశాను. వేలు మీట మీద ఉన్న సంగతి, టిక్కుమన్నట్టు అనిపించిన సంగతి, లేదని అన్న సంగతి.

ఆయన బొటనవేలు ఆగింది.

“ఇన్నేండ్లు నా చెవునే తిట్టుకుంటి గదప్పా,” అన్నాడు. కోపం లేదు. అది ఉంటే బాగుండేది. “ఇంతకూ ఒత్తినావా, ఒత్తల్యా?”

“తెలీదన్నా. ఒత్తినట్టు అనిపించింది.”

“ఒరిగిందా?”

“ఒరిగినట్టు అనిపించింది.”

“అనిపించింది రాయగూడదు గదా.”

ఇంట్లోకి పోయి రూళ్ల పుస్తకం తెచ్చి నా చేతికిచ్చాడు. “నీ కాడనే పెట్టుకో. తెలిసిన పొద్దు రాయి,” అన్నాడు. బస్సుదాకా వచ్చి సాగనంపాడు. మళ్లీ ఎగరేద్దామా అని నేను అడగలేదు. ఆయనా అనలేదు.

పుస్తకం నా బల్ల సొరుగులో ఉంది. ఆముదం మరకలు పోలేదు. ముప్పై ఏడో వరుసలో గాలి, చమురు, మెలికల గడులు ఆయన చేతిరాతతో నిండి ఉన్నాయి. దిగిన చోటు గడిలో ‘వంక. చిక్కింది జొన్న చేనులో’ అని ఉంది. నొక్కుల గడిలో ఏమీ లేదు.