తారీఖు తప్పిన బోర్డు

చూపు మందగించాక మా ఆవిడ ఒక్కొక్కటే వదిలేసింది. ముందు కుట్టు, తరవాత టీవీ, ఆ తరవాత ఫోను. పేపరు మాత్రం వదల్లేదు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, లినక్స్ బోర్డు అంటారు, ఒకటి కొని, దానికి స్పీకరు తగిలించి, ఇంటర్నెట్‌లో వచ్చే పేపరును రోజూ పొద్దున్నే పైకి చదివేలా అమర్చాను. బాలానగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్షన్ పని చేసి రిటైరైన నాకు ఆ విద్య పట్టుబడేసరికి నాలుగు నెలలైంది, ఒక డైరీ నిండింది.

ఒక సోమవారం అది మూగబోయింది. చదివే ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ కావాలంది. దించుకోబోతే మొదలవుతూనే ఆగిపోయేది. వైఫై చూశాను, తీగ మార్చాను, మెమరీ కార్డులో చోటెంతుందో చూశాను. చూసినవన్నీ వేళతో సహా డైరీలో రాశాను. దానికి తగిలించిన పాత టీవీ తెర మీద మాత్రం ఒకటే మాట: ఈ ఫైలు ఇంకా అమల్లోకి రాలేదు. ఫ్యాక్టరీకి వచ్చే సర్క్యులర్ల మీద ఫలానా తేదీ నుంచి అమలు అని ఉండేది. ఆ తేదీ దాకా వాటిని ఫైల్లో పెట్టి ఊరుకోవడమే మా పద్ధతి. ఇదీ అలాంటిదే అనుకొని ఎనిమిది రోజులు ఆగాను.

ఆ ఎనిమిది రోజులూ పేపరు నేనే చదివాను, నాకు ముఖ్యమనిపించినంత వరకు. టెండరు ప్రకటనలు, కూరగాయల ధరలు, చనిపోయినవాళ్ల వివరాలు ఏమయ్యాయని ఆవిడ అడిగింది. మిషను ఏదీ ఎగ్గొట్టదట. తొమ్మిదో రోజు నేను చదువుతూ దగ్గుతుంటే ఆపమంది.

“ఇక పేపరు వద్దులెండి. విన్నా వినకపోయినా ఒకటే.”

కుట్టు మానేసిన రోజు కూడా ఇంత మామూలుగానే చెప్పింది. నాకు గుబులు పుట్టింది.

ఆ సాయంత్రం మూసాపేట నుంచి నా పాత సహోద్యోగి వచ్చాడు. లేతు మీద పనిచేసి, చేసిన ప్రతి పనికీ జాబ్ కార్డు రాసి నా తనిఖీకి పంపిన మనిషి, కంప్యూటర్ల జోలికి పోడు. నా గోడు విని, కళ్లజోడు పెట్టుకొని, తెర మీద ఒక మూలన వేలు పెట్టాడు.

“గీ తారీఖు ఏంది సార్? ఇరవై రోజుల కిందిది.”

నిజమే.

“తారీఖు తప్పుందని నా జాబ్ కార్డులు ఎన్నిసార్లు వాపస్ చేసిన్రు మీరు? అంతగనం పరేషాన్ చేసి, ఇప్పుడు మీ ఇంట్లనే గిట్ల నడిపిస్తున్రా?”

లోపలి గదిలో మా ఆవిడ నవ్వింది.

ఆ బోర్డులో గడియారం కోసం బ్యాటరీ ఉండదు. స్విచ్ తీస్తే దాని కాలం అక్కడే నిలిచిపోతుంది. మళ్లీ వేసినప్పుడు ఇంటర్నెట్‌ను అడిగి సరైన వేళ తెచ్చుకోవాలి. పడుకోబోయే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ తీసేయడం నా అలవాటు. డైరీ వెనక్కి తిప్పితే రెండు నెలల కిందటి పేజీలో నా దస్తూరీ కనిపించింది: ‘బోర్డులో అనవసరముగా నడుచుచున్న నాలుగు పనులను ఆపించితిని.’ అందులో మూడోది ఇంటర్నెట్ నుంచి సరైన వేళ తెచ్చే పని. నేను నిద్రపోయిన గంటలన్నీ కలిసి దానికి ఇరవై రోజులు తరుగు పడ్డాయి. పాపం, దాని లెక్కలో ఆ కొత్త ఫైలు ఇంకా పుట్టనే లేదు.

ఆపిన పనిని మళ్లీ నడిపించాను. తారీఖు ఒక్క గెంతులో ఇవాళ్టికి వచ్చింది. రెండు నిమిషాల్లో ఫైలు దిగింది, స్పీకరు పలికింది. మా వాడు ఇంకా తన జాబ్ కార్డుల కథ ఆపలేదు. మా ఆవిడ తడుముకుంటూ వచ్చి స్పీకరు పక్కన కూర్చుంది.

“అన్నయ్యగారూ, మీరిద్దరూ టీ తీసుకొని బాల్కనీలోకి వెళ్లండి. నాకు తొమ్మిది రోజుల పేపర్లు బాకీ ఉన్నాయి.”

వెళ్లాం. కింద ఆఫీసు క్యాబులు బారులు తీరి కదలకుండా ఉన్నాయి. లోపల మిషను ఏవో రోడ్డు పనుల టెండరు షరతులు చదువుతోంది. ఆవిడ ఊఁ కొడుతోంది.