తెర మీద ఆరిపోయిన ఎర్రపట్టీ

ఆమెను అందరూ లిఫ్టక్క అనేవారు. ఎత్తయిన భవనాల్లో మొరాయించిన లిఫ్టులను బాగుచేసి, లోపల చిక్కుకున్నవాళ్లను బయటికి లాగడమే ఏళ్ల తరబడి ఆమె పని. మోకాళ్లు అరిగాక, ధ్రువప్రాంతపు రాడార్ కేంద్రంలో వంట చేసే బావ మాటసాయంతో అక్కడ రేడియో తరంగాలు పంపే ట్రాన్స్‌మిటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరింది.

వేసవిలో అక్కడ నేల మీది మంచు కరుగుతుంది. ఆకాశంలో ఎనభై కిలోమీటర్ల పైన మాత్రం అప్పుడే మంచు పుడుతుంది. కంటికి ఆనని ఆ పొరను తాకి తిరిగొచ్చిన రాడార్ తరంగాలు తెర మీద ఎర్రటి పట్టీలా కనిపిస్తాయి. ఎండాకాలంలో పైన ఆ చలేమిటో ఆమె బుర్రకెక్కలేదు గానీ, పట్టీ మీద మమకారం పెరిగింది. పొద్దున రాగానే కోటు విప్పకుండానే దాన్ని చూసుకునేది.

ఒక మధ్యాహ్నం శాస్త్రవేత్త కొత్త ప్రయోగం మొదలుపెట్టాడు.

"ఆ పెద్ద ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యమ్మా," అన్నాడు తలెత్తకుండా.

ఆమె స్విచ్ నొక్కింది. తెర మీది ఎర్రపట్టీ టక్కున మాయమైంది.

లిఫ్టక్క పైప్రాణాలు పైనే పోయాయి. వేలు స్విచ్ మీదే కొయ్యబారింది.

"సార్... పోయింది! మంచంతా కరిగిపోయింది! నేనేం చేశాను సార్?"

"ఇప్పుడు ఆపెయ్."

ఆపింది. పట్టీ తిరిగొచ్చింది. మామూలుగా కాదు, మునుపటికన్నా ముదురెరుపుతో భగ్గుమంది. ఆమె వెనక్కి తూలి కుర్చీలో కూలబడింది.

అప్పటికి గానీ ఆయన ఆమె ముఖం చూడలేదు.

"అయ్యో, మంచు చెక్కుచెదరలేదమ్మా! ఆ పెద్ద ట్రాన్స్‌మిటర్ తరంగాలతో దాని చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను కాస్త వేడి చేశాం. అవి చెదిరితే మన రాడార్‌కి పొర కనబడదు. చల్లబడగానే ఇంకా బాగా కనబడుతుంది."

"ముందే చెప్పొద్దా? నా గుండె ఆగిపోయేది!"

"చెప్పాననే అనుకున్నాను," అని ఆయన నాలుక కరుచుకున్నాడు.

సంగతి అప్పుడే వంటగదికి చేరిపోయింది.

"ఏం మరదలా, ఆకాశాన్నే ఆర్పేశావటగా!" అన్నాడు బావ, గరిట ఊపుతూ.

"నవ్వకు బావా. ఎక్కడో పైనున్నది నా వేలు తగిలితే చెదిరింది. ఇంకా ఎవరెవరు, ఎక్కడెక్కడ, ఏమేం నొక్కుతున్నారో!"

బావ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ వేసవంతా ప్రయోగం సాగింది. స్విచ్ ఆమే నొక్కింది. విషయం తెలిసినా, పట్టీ ఆరిన ప్రతిసారీ అది తిరిగి కనబడేదాకా ఊపిరి బిగబట్టి, తెరనే చూస్తూ నిలబడేది.