కారం అంటిన బొమ్మల పుస్తకం

మొన్నాదివారం మా పెద్దది అటక మీద మూటలోంచి పాత బొమ్మల పుస్తకం లాగి, ఏడాదిన్నర చెల్లెల్ని ఒళ్లో కూచోబెట్టుకుని, "ఇదిగో అమ్మ, ఇదిగో నానమ్మ" అని చూపిస్తోంది. చిన్నది వంగి అమ్మ బొమ్మకి ముద్దు పెట్టబోయింది. చేతిలో చేట పడేసి పరిగెత్తి పుస్తకం లాగేశాను. ఇద్దరూ బిత్తరపోయారు. మా అత్తయ్య మంచం మీంచే, "దాని రంగు మంచిది కాదని అప్పుడే మొత్తుకున్నాగా!" అంది. ఆ రంగు పాపం ఏం చెయ్యలేదండీ.

ఆరేళ్ల కిందట పెద్దదానికి ఇంతే వయసు. అంగన్‌వాడీ టీచరమ్మ ఆ పుస్తకం ఇంటికిచ్చింది. అందులో అమ్మ అన్నం కలుపుతుంటుంది, నానమ్మ ఒళ్లో పిల్లి, నాన్నేమో బిడ్డకి స్నానం చేయిస్తుంటాడు. ఆ పేజీ వస్తే మా ఆయన గబగబా తిప్పేసేవాడు, ఎక్కడ నేర్చుకోమంటానోనని. "అమ్మేదీ?" అంటే చాలు, పిల్ల బొమ్మకి మూతి ఆనించి నాకేది. అదే దాని ముద్దు.

అవి మిరపకాయల రోజులు. పొద్దస్తమానం కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరి వచ్చేదాన్ని. రాగానే చేతులకి నూనె రాసి, సబ్బుతో రుద్ది, అప్పుడే పిల్లని ముట్టుకోవాలి. మా సత్తెనపల్లి వైపు ఏ తల్లినడిగినా ఇదే చెప్తుంది. ఆ రోజు పిల్ల పుస్తకం పట్టుకుని గుమ్మంలోనే ఎదురొచ్చింది. పిల్లని ముట్టుకోవట్లేదుగా, పుస్తకమేగా అనుకున్నా. చేతులు కొంగుకి తుడుచుకుని, సరిగ్గా అమ్మ బొమ్మ మీదే వేలు పెట్టి చూపించా.

అది నాకింది. ఇంక ఆ ఏడుపు! పెదాలు ఉబ్బిపోయాయి. అత్తయ్య పరిగెత్తుకొచ్చి, "ఏం పెట్టావే పిల్లకి?" అని అరిస్తే, "పుస్తకం రంగు పడలేదేమో అత్తయ్యా" అని నా నోట్లోంచి వచ్చేసింది. తెల్లారి ఆవిడ అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి టీచరమ్మని వీధంతా వినేలా కడిగిపారేసింది. నేను వెనకే నిలబడ్డా. నోరు మెదపలా. ఊళ్లో పిల్లలెవరికీ పుస్తకాలు ఇంటికివ్వటం ఆ రోజుతో ఆగిపోయింది. మా ఇంట్లో ఉండిపోయిన ఈ పుస్తకం అటకెక్కింది.

మొన్న చెప్పేశా. "రంగు కాదత్తయ్యా, నా చేతులు."

"ఆవిణ్ణి ఎన్ని మాటలన్నానే! నువ్వు నా వెనకే ఉండి కూడా..." అని అత్తయ్య అటు తిరిగి పడుకుంది. వెళ్లి చెబుదామంటే టీచరమ్మ రిటైరై, ఊరొదిలి ఎటెళ్లిందో తెలీదు.

పుస్తకం చిన్నదానికి ఇచ్చేశా. అమ్మ బొమ్మని హాయిగా నాకింది. కారం ఎప్పుడో పోయుంటుంది. టీచరమ్మ ఆ రోజు పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసిన చప్పుడు మాత్రం, ఆరేళ్లయినా నాకు నిన్నటిదిలాగే ఉంది.