మేనత్త కూతురి క్వాంటం ఉపన్యాసం

మా చుట్టాల్లో ఫిజిక్స్ అంటే చాలాకాలం నేనే. కోయంబత్తూరు కాలేజీలో పాఠం చెబుతాను గనుక, ఎవరి బోరు మోటారు కాలిపోయినా ముందు నాకే ఫోను వచ్చేది. ఆ గౌరవానికి అలవాటు పడిపోయాను. పోయిన ఏడాది మా మేనత్త కూతురు మా కాలేజీకే ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చింది. ఆ రోజుతో నాకు మోటార్లు మాత్రమే మిగిలాయి.

క్వాంటం సిద్ధాంతంలో కొత్త దారి వేసినావిడ. ఆ దారిలో నేను ఏటేటా సిలబస్ పూర్తి చేస్తుంటాను.

ఇంకో చిన్న సంగతి. ఆమె నా మొరపిల్ల, అంటే పెళ్లికి వరసైన పిల్ల. మావైపు మేనత్తకు కూతురు పుట్టగానే, అది మేనమామ కొడుక్కని తీర్మానం. పిల్లనీ పిల్లవాణ్ణీ ఎవరూ అడగరు. ఉన్న హక్కును అడగడమేమిటని. మమ్మల్నీ అడగలేదు. ఆమె పైచదువుకు బెంగుళూరు వెళ్లి, తోటి శాస్త్రవేత్తను పెళ్లాడింది. చాలా మంచివాడట. నేను విచారించలేదు.

ఉపన్యాసం నాడు హాల్లో నిలబడడానికి కూడా చోటు లేదు. నా క్లాసులో చోటుకు ఎన్నడూ కరువు లేదు.

కొలవకముందే కణం జవాబును జేబులో దాచుకుని కూర్చుందనుకోవడం మన అలవాటు, అంది ఆమె. తన లెక్కలో అడగని ప్రశ్నకు జవాబు తెలియకపోవడం కాదు, అసలు ఉండదు. నిజం కూడా ప్రశ్నతో కలిసే పుడుతుంది. దీన్ని ఒప్పుకోని పెద్దలూ ఉన్నారని నవ్వుతూ చెప్పింది. ఒప్పుకోనివాళ్ల పట్ల కూడా అంత మర్యాద చూపడం నాకు కాస్త ఎక్కువనిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇదే సంగతి నేను చెప్పినప్పుడు, పరీక్షకు వస్తుందా అని అడిగారు.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. మా ఆవిడది బోడినాయకనూరు, ఏలకుల వ్యాపారం చేసే ఇల్లు. కాయ విరిచి చూడందే ధర చెప్పని వాళ్లు. మజ్జిగ పోస్తూ అడిగేసింది.

"అక్కా, ఒకటి అడుగుదునా? పెద్దోళ్ల మాట ప్రకారం జరిగుంటే ఈయన్ని కట్టుకొనుందువా?"



"ఇప్పుడెందుకా మాట?" అన్నాను. వారించే గొంతుతో మాత్రం కాదు. అవునంటే చాలు, పొద్దుటి ఆ హాలంతా చప్పట్లతో సహా ఆమెకే ఇచ్చేద్దును.

ఆమె నిజంగానే ఆలోచించింది. "అప్పుడు ఎవురూ అడగలేదే చెల్లీ. అడిగుంటే ఏదో ఒక బదులు వచ్చుండును. ఇప్పుడు అడిగితే ఇప్పటి బదులే వస్తాది, అప్పటిది రాదు."

"సెరి, ఇప్పటిదే చెప్పు."

"వద్దమ్మా. బావ మొగం చూడు, మోటారు కాలినట్టుండాది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను.

ఆమె కారెక్కాక, "తప్పించుకునింది సూడు," అంది మా ఆవిడ.

"లేదు, సరైన జవాబే," అన్నాను. వృత్తిరీత్యా అనక తప్పలేదు.

జవాబు రాలేదన్న బాధ కన్నా, అంత చక్కటి ఉదాహరణ నా పెళ్లికాని పెళ్లిలోనే ఉండగా ఆమెకే ముందు తట్టిందన్న మంట ఎక్కువ. మరుసటి వారం దాన్నే, మనుషులెవరో చెప్పకుండా, క్లాసులో వాడుకున్నాను. మొదటిసారి ఎవరూ పరీక్ష ఊసెత్తలేదు. ఒకమ్మాయి లేచి, "అప్పుడు అతను ఎందుకు అడగలేదు సార్?" అంది.

సిలబస్‌లో లేదన్నాను.