ఎవరికీ హాని చెయ్యని దొంగ

టీవీ సీరియల్లో దొంగ ఎంత మంచివాడైతే నాకు అంత ఒళ్లు మండుతుంది. హత్యలు చేసే విలన్‌ని చూసినా అంత కోపం రాదు. వాడు దుర్మార్గుడని తీసినవాళ్లకీ తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. కానీ నవ్వుతూ తాళాలు తీసి, తల్లి కాళ్లకు దండం పెట్టి, దోచుకున్నదాంట్లో కొంత బీదవాళ్లకు పంచి, అమాయకుల జోలికి మాత్రం వెళ్లనని చెప్పుకునే దొంగ ఉన్నాడే, వాణ్ణి చూస్తే నాకు అసహ్యం. ఈ అసహ్యం ఊరికే పుట్టింది కాదు. ఎనభైల్లో, ఢిల్లీలో, మా గవర్నమెంటు క్వార్టర్స్‌లో పట్టుకుంది.

అప్పటికి నాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు. మా ఆయన ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. మేము పై అంతస్తులో ఉండేవాళ్లం. కిందింట్లో ఇంకో తెలుగు కుటుంబం. ఆ ఇంటాయన అశోకా రోడ్ వైపు ఒక ఆఫీసులో స్టోర్‌కీపరు. ఆయన్ని అన్నయ్యగారూ అనీ, ఆవిడని వదినా అనీ పిలిచేదాన్ని. ప్రావిడెంట్ ఫండ్‌లోంచి అడ్వాన్సు తీసుకుని ఆయన కలర్ టీవీ కొన్నారు. మా బ్లాకులో అదే మొదటిది. ఆదివారం పొద్దున అలాంటి మంచి దొంగ కథతో ఒక హిందీ సీరియల్ వచ్చేది, ఆ వేళకి చుట్టుపక్కల తెలుగువాళ్లమంతా ఆయన ముందుగదిలో చాపల మీద సర్దుకుని కూర్చునేవాళ్లం.

ఆడవాళ్లలో చాలామందికి హిందీ అంతంతమాత్రం. కూరగాయల బండివాడితో బేరం వరకూ వచ్చు, సీరియల్ మాటలు అందవు. అందుకని అన్నయ్యగారు టీవీ పక్కన స్టూలు వేసుకుని ప్రతి మాటా తెలుగులో చెప్పేవారు. ఉత్త అర్థం చెప్పి ఊరుకోవడం కాదు. పోలీసుకి ఒక గొంతు, తల్లికి ఒక గొంతు, దొంగకి మరీ ప్రేమగా ఇంకో గొంతు. "అమ్మా, నేను దొంగనే. కానీ నా వల్ల ఏ అమాయకుడి కంటా నీరు రాదు" అని దొంగ బదులు ఆయన అంటుంటే ముసలమ్మలు కళ్లొత్తుకునేవాళ్లు. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటగానే ఉండేది. నాకు హిందీ వచ్చింది ఆ స్టూలు పక్కన కూర్చునే.

ఒక ఆదివారం ఆయన ఆఫీసు స్టోర్‌లోంచి టైపు మిషన్లూ, ఫ్యాన్లూ టెంపోలో ఎక్కించుకుని ఎవరో పట్టుకుపోయారు. తాళం పగలగొట్టలేదు, తాళంచెవితోనే తీశారు. కాపలా ఉండాల్సిన చౌకీదారు ఆ సమయంలో ఎదురుగా పాన్ దుకాణంలో అదే సీరియల్ చూస్తున్నాడట! దుకాణంవాడు మాత్రం, కళ్లజోడు పెట్టుకున్న స్టోర్ బాబే వచ్చి తాళం తీయడం తలతిప్పి చూశానన్నాడు. మర్నాడే అన్నయ్యగారిని సస్పెండ్ చేశారు. ఎంక్వైరీలో తప్పు ఆయనదేనని తేలితే ఉద్యోగం పోతుంది. దాంతోపాటు క్వార్టరూ ఖాళీ చెయ్యాలి.

నాకు మొదట నవ్వొచ్చింది. ఇదేం కేసు? దొంగతనం జరిగిన వేళకి ఆయన మా అందరి మధ్యా కూర్చుని గొంతు చించుకుంటున్నారు కదా. గది నిండా సాక్షులే. వదిన కూడా అదే ధైర్యంతో ఇల్లిల్లూ తిరిగి, "ఆ పూట ఆయన ఇంట్లోనే ఉన్నారని ఒక్క మాట వచ్చి చెప్పండి, చాలు" అని అడిగింది.

ఒక్కరూ కదల్లేదు. అందరూ గవర్నమెంటు ఉద్యోగులే మరి. ఎదురింటి పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "మేం టీవీ వంక చూస్తున్నాం గానీ ఆయన వంక చూస్తూ కూర్చున్నామా తల్లీ? మధ్యలో లేచి వెళ్లారో లేదో మాకెలా తెలుస్తుంది?" వారం వారం ఆ స్టూలుకి ఆనుకుని కూర్చుని, ఆయన మాటలకి అందరికంటే ముందు చప్పట్లు కొట్టిన మనిషి! ఇంకొకాయన గొంతు తగ్గించి, "అసలు స్టోర్‌కీపరు జీతానికి కలర్ టీవీ ఎలా వచ్చిందంటావ్?" అని మా ఆయన్ని అడిగాడు. ఆ టీవీ చూస్తూ వదిన ఇచ్చిన కాఫీలు తాగినన్నాళ్లూ ఆ అడిగినాయనకి ఈ అనుమానం రాలేదు.

ఆ పూట నా పక్కనే కూర్చున్న మా ఆయనా ఆ తానులో ముక్కే. "నా ప్రమోషన్ ఫైలు కదుల్తోందే. ఇప్పుడెళ్లి ఎంక్వైరీలో నిలబడితే నా పేరు కూడా అందులోకి ఎక్కుద్ది. ఆయన తప్పు లేకపోతే ఎలాగూ బయటపడతాడు. మనం ఆయనకేం చెడు చెయ్యట్లేదుగా?" అన్నాడు. ఆ ఆఖరి మాటకి నా ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది.

ఆ వచ్చే ఆదివారం సీరియల్ కోసం అందరూ ఎదురింట్లో చేరారు. వాళ్లది బ్లాక్ అండ్ వైట్ టీవీ, అయినా సర్దుకున్నారు. ఆ రోజు కథలో, దొంగ చేసిన పనికి ఒక బ్యాంకు గుమాస్తాని పోలీసులు పట్టుకెళ్తారు. దొంగకి మనసొప్పదు. తనే స్టేషన్‌కి వెళ్లి లొంగిపోతాడు. గదిలో అందరికీ ఏడుపే. పెద్దమనిషి తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "అదీ మనిషంటే! ఒక అమాయకుడు తన వల్ల బాధపడుతుంటే చూడలేకపోయాడు" అన్నాడు. మా ఆయన అవునవునని తలూపాడు. కిందింట్లో ఒక అమాయకుడు తలుపేసుకుని కూర్చుని ఉన్నాడని అక్కడ ఒక్కరికీ గుర్తు రాలేదు.

దొంగ అమాయకులను ముట్టుకోకూడదన్న నియమం ఎవరి కోసమో నాకు అప్పుడు తెలిసింది. అమాయకుల కోసం కాదు, చూసేవాళ్ల కోసం. దొంగని మెచ్చుకుంటూ కూడా మేం మంచివాళ్లమే అనుకోవడానికి. నిజం దొంగ ఎవడొచ్చి లొంగిపోతాడు? వాడు హాయిగా పోతాడు, వాడి పాపం తాళంచెవులు పెట్టుకున్నవాడి మెడకి చుట్టుకుంటుంది. అది చూపిస్తే ఆ దొంగ ఎవరికీ నచ్చడు. అందుకే చూపించరు. ఆ మనుషుల మధ్య ఇంకాసేపు కూర్చోలేక లేచి వచ్చేశాను.

ఎంక్వైరీ రోజున మా ఆయన ఆఫీసుకి వెళ్లాక, వదినతో కలిసి బస్సెక్కాను. అన్నయ్యగారు ఆఫీసు వరండాలో బెంచీ మీద ఉన్నారు. నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావు చెల్లెమ్మా, ఇంట్లో గొడవైపోద్ది" అన్నారు. ఆ స్థితిలో కూడా నా ఇంట్లో గొడవ గురించే ఆయన బెంగ.

వదినా నేనూ లోపలికి వెళ్లాం. ఎంక్వైరీ ఆఫీసరు హిందీలో అడిగారు. నేను సీరియల్ హిందీలోనే జవాబు చెప్పాను. ఆ ఆదివారం కథ మొత్తం, ఎక్కడెక్కడ ఆయన ఏ గొంతుతో చెప్పారో కూడా చెప్పాను. ఆఫీసరు నవ్వి, "అచ్ఛా! మా ఇంట్లోనూ అందరికీ వాడంటే ఇష్టమే. చోర్ హై, లేకిన్ భలా ఆద్మీ హై" అన్నారు. దొంగే గానీ మంచివాడట. నాకు నవ్వు రాలేదు. "వాడి సంగతి వదిలెయ్యండి సాబ్. బయట బెంచీ మీద ఉన్నాయన సంగతి చూడండి" అన్నాను.

ఆయన నవ్వు ఆపి కాగితం దగ్గరికి లాక్కున్నారు. నా ఒక్కదాని మాట చాలదన్నారు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇదే చెబితే కేసు నిలవదనీ, పేర్లిస్తే తనే పిలిపిస్తాననీ, పిలిస్తే వాళ్లు రాక తప్పదనీ చెప్పి, "ఆ గదిలో ఇంకా ఎవరెవరున్నారు?" అని అడిగారు.

మా వైపు ఆడవాళ్లం మొగుడి పేరు నోటితో పలకం. ఎక్కడైనా అడిగితే పక్కనున్నవాళ్ల చేత చెప్పిస్తాం. వదిన అలాగే నా బదులు చెప్పబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, అందరికంటే ముందు మా ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా నేనే చెప్పాను.