పిస్టను లేని కారుకు ప్రత్తిపాడు వైద్యం

ముందుగా ప్రమాణం. మా చర్చిలోని పెద్దక్షరాల బైబిలు మీద ఒక చెయ్యి, గుండె మీద ఇంకో చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఈ కింద రాసినదంతా అక్షరాలా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. వాళ్లని నవ్వుకోనివ్వండి. మీరు మంచివాళ్లు, మీరు నమ్మండి.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, మా ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ బాధకైనా విరుగుడు ఒక్కటే, మందు కొట్టడం. ఆకు ముడుచుకుంటే మందు, పూత రాలితే మందు, తెల్లదోమ వాలితే మందు, ఏమీ లేకపోతే పక్కచేనివాడు కొట్టాడు కాబట్టి మందు. డబ్బా మీద అచ్చువేసిన మోతాదును నమ్మినవాణ్ణి అమాయకుడి కింద జమకట్టేవాళ్లు. ఒక్క మందుతో సరిపెట్టినవాడు పిసినారి. రెండు మూడు కలిపి, మోతాదు రెట్టించి కొట్టినవాడే రైతు. ఈ శాస్త్రంలో మా అందరికీ గురువు పురుగుమందుల కొట్టాయన. ఎవరు ఏ గోడు చెప్పుకున్నా (కోడలు మాట వినడంలేదని చెప్పుకున్నా సరే) సగం విని "డోసు చాలలేదు" అనేవాడు. అందుకని ఊరంతా ఆయన్ని డోసుగారు అనేది. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

మా బాబాయి పత్తి వ్యాపారి. చిలకలూరిపేట మిల్లులకి పత్తి తోలేవాడు. ఒక ఏడాది ధర బాగా పలికేసరికి బాబాయికి కారు మీద మనసు పోయింది. అందరిలాగా అంబాసిడర్ కొనుక్కుంటే ఈ కథే లేదు. మద్రాసులో ఓడ ఇంజనీరు ఒకాయన అమ్ముతున్నాడని విని, ఎర్రటి జపాన్ కారు ఒకటి తెచ్చాడు. అందులో పిస్టన్లు ఉండవు. పిస్టన్ల స్థానంలో మూడు మూలల దిమ్మ ఒకటి, రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు, గుండ్రంగా తిరుగుతుంది. అమ్మినాయన ఇదంతా బొమ్మ గీసి చెప్పి, పెట్రోల్లో కలిపే మందుసీసాలు కొన్ని డిక్కీలో పెట్టి, "ఇంజన్లో మసి పడితే ట్యాంకుకి ఒక సీసా పోయండి, అప్పుడప్పుడూ గట్టిగా తోలండి" అని పంపించాడట. ఈ రెండు మాటల్లో బాబాయి మొదటిదాన్నే చెవినేసుకున్నాడు.

ఎందుకంటే గట్టిగా తోలితే కారు ఎవరికీ కనపడదు. కనపడని కారు కొనడం దేనికి? బాబాయి బజార్లో ఎద్దుబండి వెనకాల, ఆ బండిని దాటకుండా, బ్రేకు మీంచి కాలు తియ్యకుండా, రెండో గేర్లో ఊరేగేవాడు. పెద్దమనిషి కనపడితే మొదటి గేరు. సీట్లకి కంపెనీవాడు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు తియ్యనివ్వలేదు. కింద తివాచీకి మట్టి అంటుతుందని మిరపకాయల గోనెపట్టా పరిపించాడు (అందుకే ఎక్కినవాళ్లంతా తుమ్ముతూ దిగేవాళ్లు). కొన్నాళ్లకి కారుకి ఆయాసం పట్టుకుంది. దగ్గడం, వణకడం, నల్లగా కక్కడం, చివరికి ప్రత్తిపాడు సెంటర్లో గేదెల మధ్య నిలబడిపోవడం. గుంటూరు మేస్త్రి వచ్చి, మూత తీసి, పిస్టన్ల కోసం చాలాసేపు వెతికి, ఎవరో ఎత్తుకుపోయారని తేల్చి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే నాకు పెళ్లిచూపులు వచ్చిపడ్డాయి. పొన్నూరులో మిషన్ బడి మాస్టారి అమ్మాయి. ఫోటో చూసిన రోజునుంచీ నాకు అన్నం సహించడంలేదు. చిక్కల్లా ఏమిటంటే, మా బాబాయి మధ్యవర్తి దగ్గర నన్ను బి.కాం. పాసైనవాడిగా, జిన్నింగ్ మిల్లు మేనేజరుగా, ఫారిన్ కార్ల నిపుణుడిగా నిలబెట్టాడు. (ఈ నిపుణత్వం నేను కోరి పెట్టించుకున్నదే. మిగతా రెండూ బాబాయి ప్రేమకొద్దీ కలిపాడు.) మాస్టారు అబద్ధం పొడ గిట్టని మనిషి, ఇంతకుముందు వచ్చిన సంబంధాన్ని ఒక్క చిన్న బొంకుకే తిప్పి పంపారని విన్నాం. బి.కాం.నీ మేనేజరునీ ఎవరూ అక్కడికక్కడ పరీక్షించలేరు. కారు సంగతి అలా కాదు. అది ఆ వీధిలో ఆగిపోయిందా, నా నిపుణత్వంతోపాటు నా పెళ్లీ ఆగిపోయినట్టే.

డిక్కీలోంచి మందుసీసా తీశాం. ట్యాంకుకి ఒకటి అని దాని మీద ఇంగ్లీషులో స్పష్టంగానే ఉంది. బాబాయి దాన్ని డోసుగారికి చూపించాడు. ఆయన కళ్లజోడు పైకెత్తి, మూత తీసి వాసన చూసి, నాలుక చివర పెట్టుకోబోయి ఎందుకో మానేశాడు.

"ఇది జపాన్ మసికి రాసిన డోసయ్యా. అక్కడ రోడ్లు అద్దాల్లా ఉంటయ్యి, మసి కూడా నాజూగ్గా ఉంటది. మన మసి మొండిది."

"అయితే రెండు పోద్దామంటారా?" అన్నాడు బాబాయి.

"మూడు పోసి, ఇంకోటేదన్నా కలపండి. ఒంటిమందుకి ఏదీ లొంగదు."

అలా సీసాలన్నీ పోశాం. తోడుగా కాస్త కిరసనాయిలు. బలానికి గుప్పెడు కలరా ఉండలు. (పురుగుమందు మాత్రం పొయ్యలేదు. డోసుగారు డబ్బా తెచ్చాడుగానీ, మా పిన్ని చీపురు తెచ్చింది.) మందు కొట్టాక చేలో తిరగకూడదన్న అలవాటుకొద్దీ ఆ సాయంత్రమంతా కారుని ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు పొన్నూరు దాకా అది ఎలా వచ్చిందో నేను వర్ణించను. వెనక వస్తున్న బస్సు లైట్లు వేసుకుని వచ్చింది, అంతే చెప్పగలను. మాస్టారి ఇంటి ముందు ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, నిపుణుడిలా దిగాను. లోపల కూర్చున్నాం, పాయసం, కాఫీలు వచ్చాయి, అమ్మాయి వచ్చి వాళ్లమ్మ పక్కన కూర్చుంది. మాస్టారు ముందు ప్రార్థన చేద్దామన్నారు. అందరం తలలు వంచాం. ఆయన ఆదికాండం దగ్గర మొదలుపెట్టి తీరిగ్గా వస్తుంటే, బయట కారు తనంతట తాను దగ్గింది. తాళం నా జేబులో ఉంది, కారు మాత్రం వీధిలో మాట్లాడుతోంది. లోపల మసి నిప్పుకణికల్లా రాజుకుని, తాళంతో పనిలేకుండానే పెట్రోలు అంటుకుంటోందన్నమాట. మాస్టారు "ప్రభువా" అన్న ప్రతిసారీ బయట ఢబ్బుమనేది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అందరూ తలలు వంచుకునే ఉన్నారు. ఆ కన్ను అటునుంచి అమ్మాయి వైపు వెళ్లింది. వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆమెన్ అనేసరికి పై వాసాల్లోంచి పిచ్చుకగూడు పాయసం గిన్నెలో పడింది.

మాస్టారు కాఫీ తాగి, "ఫారిన్ కార్ల గురించి మీకు బాగా తెలుసని చెప్పారు. ఒకసారి అలా తిప్పి చూపిస్తారా బాబూ?" అన్నారు. ఆ గొంతులో మర్యాద ఎంత ఉందంటే, తాళం తీసి ఆయన చేతికే ఇవ్వబోయాను.

బయటికి వచ్చేసరికి కారు ఊరుకుంది, ఇప్పుడిక తాళం తిప్పినా పలకడంలేదు. బాబాయి, మధ్యవర్తి, వీధిలో జనం కలిసి వెనకనుంచి తొయ్యడం మొదలుపెట్టారు. నేను స్టీరింగు దగ్గర, మాస్టారు పక్క సీట్లో. కాస్త దూరం తోసేసరికి ఇంజను అందుకుని, లోపలున్న నలుపంతా ఒక్కసారి వెనక్కి చిమ్మింది. తోసినవాళ్లు, ఇళ్లు, వీధి, అన్నీ పొగలో మాయమైపోయాయి. ఆగిపోతుందేమో అన్న భయంతో నేను ఆక్సిలేటరు పూర్తిగా నొక్కేశాను. ఆ కారు పుట్టి బుద్ధెరిగాక దాన్ని అడుగుదాకా నొక్కినవాడు లేడు. నొక్కిన పెడలు నొక్కినట్టే గోనెపట్టా మడతలో ఇరుక్కుపోయింది.

బాపట్ల రోడ్డు మీదికి ఎప్పుడెక్కామో తెలియదు. తాళం తిప్పేస్తే పోయేదిగా అంటారు. తాళం మాట అది వినదని ప్రార్థనలోనే తేలింది. బ్రేకులు బాబాయి ఊరేగింపుల్లో అరిగిపోయాయి. గేరు తప్పించొచ్చుగా అని కారున్నవాళ్లు అడుగుతారు. ఆ క్షణాన నా పేరేమిటని అడిగినా చెప్పలేకపోయేవాణ్ణి. వెనక పొగ నల్లగా, దాని మధ్య ఎర్రటి రవ్వలు. వరిచేలల్లో తెల్లకొంగలు లేచి, మా పొగలోంచి ఎగిరి, అవతల కాకులై వాలాయి. నా పక్కనుంచి మాస్టారి గొంతు, బళ్లో హాజరు పిలిచినంత నిదానంగా వినిపించింది.

"నిజం చెప్పు బాబూ, నీకు లైసెన్సుందా?"

"లేదండీ."

"బి.కాం. పాసయ్యావా?"

"ఒక సబ్జెక్టు ఉండిపోయిందండీ."

"మిల్లులో మేనేజరువేనా?"

"కాటా దగ్గర పత్తి బోరాలు తూయిస్తానండీ."

"ఇంకేమన్నా ఉందా?"

"ప్రార్థనలో కళ్లు తెరిచి మీ అమ్మాయిని చూశానండీ."

అంత వేగంలో అబద్ధం కల్పించడానికి వ్యవధి ఎక్కడిది? అప్పుడాయన సీటు కిందికి వంగి, గోనెపట్టాని ఒక్క లాగు లాగారు. పెడలు లేచింది. కారు నెమ్మదించింది. ఇంజను పప్పు రుబ్బుతున్నట్టు కమ్మగా, దగ్గులేకుండా తిరుగుతోంది. పొగ లేదు, వణుకు లేదు. ఓడ ఇంజనీరు చెప్పిన రెండో మాట నాకు అప్పటికి బోధపడింది.

మేము తిరిగి వీధిలోకి వచ్చేసరికి జనం అలాగే నిలబడి ఉన్నారు. మాస్టారు ముఖమంతా మసితో దిగారు. "అబ్బాయికి లైసెన్సు లేదు, ఒక సబ్జెక్టు పోయింది, మేనేజరూ కాదు. సంబంధం ఖాయం చేసుకుందాం" అన్నారు.  డోసుగారు మాత్రం ఈ పెళ్లి తన మందువల్లే కుదిరిందని చివరిదాకా చెప్పుకున్నాడు.

ఇక ప్రమాణం చేసినవాణ్ణి కాబట్టి, ఇందులో నేను కల్పించింది ఏదో కూడా చెప్పాలి. కొంగలు అనుకుంటారు. కాదు, అవి నిజం. పిచ్చుకగూడూ నిజమే. కల్పించింది ఒకటే. నా పక్క సీట్లో కూర్చున్నది మాస్టారు కాదు. ఆయన కళ్లజోడు మరిచిపోయి లోపలికి వెళ్లారు. ఆ పొగలో తలుపు తీసుకుని ఎక్కింది ఆ అమ్మాయి. కారు లోపల ఎలా ఉంటుందో చూద్దామని ఎక్కిందట. ప్రశ్నలన్నీ ఆమెవే. పట్టా లాగిందీ ఆమే. పొగ తేరేలోపే మాస్టారు సైకిలు మీద మా వెనకే పడివచ్చి, తిరిగొస్తున్న మమ్మల్ని కాలువ వంతెన దగ్గర అందుకున్నారు. పెళ్లికాని పిల్ల పరాయి మగవాడితో కార్లో వెళ్లిందని వీధికి తెలిస్తే ఆమెకి ఏమవుతుందో ఆయనకి తెలుసు. కూతుర్ని కట్ట వెంబడి దొడ్డిదారిన ఇంటికి పంపించి, సైకిలు వంతెనకి ఆనించి, పొగగొట్టంలో వేళ్లు పెట్టి ఆ మసి తనే ముఖానికి పూసుకుని, నా పక్కన ఎక్కి కూర్చున్నారు. జీవితమంతా అబద్ధం పొడ గిట్టని మనిషి, పోయేదాకా ఈ ఒక్కదాన్ని నాకన్నా గొప్పగా చెప్పేవారు. తను తలుపుని ఎలా పట్టుకున్నదీ, కొంగల్ని ఎలా చూసిందీ అభినయించి మరీ చూపించేవారు. ఆయనుండగా నేను నోరు విప్పలేదు. ఇప్పుడు ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

ఆ చివరి ప్రశ్నకి నేను నిజంగా అన్నమాట, "ప్రార్థనలో కళ్లు తెరిచి మిమ్మల్ని చూశానండీ" అని. కారు కాలువ పక్కన గాలిలా పోతోంది. ఆమె పట్టా కోసం వంగుతూ, "తెలుసు. నేనూ తెరిచే ఉన్నా" అంది. అంత వేగంగా కారు తోలినవాడూ, వరసగా అన్ని నిజాలు చెప్పినవాడూ అప్పటి నాలోని ఆ కుర్రాడే. ఆ రెండు పనులూ నావల్ల మళ్లీ కాలేదు.